ఎవరూ మార్చని వోల్టేజీ

పెళ్లయిన రెండో ఏడు వేసవిలో నా భర్త నన్ను ఒక సాయం అడిగాడు. తన కంప్యూటర్ ఇంకాస్త వేగంగా పనిచేసేలా చేసి పెట్టమన్నాడు. అది నాకు చేతనైన పనే. నేను అమీర్‌పేటలో ఒక చిన్న సర్వీస్ సెంటర్లో మదర్‌బోర్డులు బాగుచేసేదాన్ని. ఇప్పుడూ అదే చేస్తున్నాను. అతను ఇంట్లోనే కూర్చుని బిల్డర్లకు వీడియోలు తయారుచేసేవాడు. ఇంకా పునాది కూడా తీయని అపార్టుమెంటు పూర్తయ్యాక ఎలా ఉంటుందో, గేటు దగ్గర్నుంచి హాల్లో సోఫా మీద పడే ఎండ దాకా చూపించే వీడియోలు. బొమ్మలు గీయడం వరకు అతని పని. గీసిన బొమ్మల్ని వీడియోగా బయటికి తీయడం కంప్యూటర్ పని. దాన్నే రెండరింగ్ అంటారు. రెండు నిమిషాల వీడియో తీయడానికి మా కంప్యూటర్ ఒకటిన్నర రోజు తీసుకునేది. అంతసేపూ అతను దాని ముందు కుర్చీ వేసుకుని, పొయ్యి మీద పాలు పెట్టిన మనిషిలా కాపలా కాసేవాడు.

మేము కలిసింది కూడా కంప్యూటర్ వల్లే. మా సర్వీస్ సెంటర్ పై అంతస్తులోనే అతను త్రీడీ కోర్సు నేర్చుకునేవాడు. ఒకరోజు డిస్ప్లే రావడం లేదని కంప్యూటర్ క్యాబినెట్ మొత్తం భుజాన వేసుకుని వచ్చాడు. చూస్తే ర్యామ్ సరిగా కూర్చోలేదు. రెండు వేళ్లతో నొక్కి, "రెండు దిక్కుల టక్ అనాలె అన్నా, అప్పుడే కూసున్నట్టు" అన్నాను. అతను భీమవరం వైపు నుంచి వచ్చినవాడు. "మీరు నన్ను అన్నా అనకపోతే బాగుంటుందండీ" అన్నాడు. కౌంటర్లో ఉన్న మగాళ్లందరూ నవ్వారు. హార్డ్‌వేర్ కోర్సులో ముప్పై మందిలో నేనొక్కదాన్నే ఆడపిల్లని. మగాళ్ల నవ్వులు నాకు కొత్త కాదు. కానీ ఆ రోజు నాకూ నవ్వొచ్చింది.

పెళ్లయ్యాక పంజాగుట్టలో, మెయిన్ రోడ్డుకు వెనక సందులో ఒక మూడంతస్తుల ఇంటి డాబా మీద కట్టిన రెండు గదుల్లో ఉండేవాళ్లం. వేసవిలో స్లాబు పెనంలా కాలేది. ఆ వేడిలోనే అతను అడిగాడు.

"కంప్యూటర్ని ఓవర్‌క్లాక్ చేయొచ్చంటగా. ఎవరో చెప్పారు. నువ్వు చేయగలవా?"

ప్రాసెసర్‌కి కంపెనీ ఒక వేగం పెట్టి పంపుతుంది. ఆ వేగాన్ని మనం పెంచుకోవడమే ఓవర్‌క్లాకింగ్. వేగం పెంచితే దానికి అందే వోల్టేజీ కూడా కాస్త పెంచాలి. వోల్టేజీ పెరిగితే బోర్డు వేడెక్కుతుంది. ఖరీదైన బోర్డుల మీద ఆ వేడిని లాగేసే అల్యూమినియం దిమ్మలు ఉంటాయి. మాది దొరికినవాటిలో చవకది. దాని మీద అవేమీ లేవు. మా సెంటర్లో అందరికన్నా పెద్ద మెకానిక్‌ని మేమంతా భాయ్ అనేవాళ్లం. నాకు పని నేర్పింది ఆయనే. ఆయన్ని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"గది గరీబు బోర్డు చెల్లె. జర సూసి బరువు మోపు."

చూసే మోపాను. నాలుగు ఆదివారాలు పట్టింది. పాడైన బోర్డుల మీది చిన్న చిన్న అల్యూమినియం దిమ్మలు పీకి తెచ్చి, మా బోర్డు మీద వేడెక్కే చోట అతికించాను. పక్కన ఒక చిన్న ఫ్యాను బిగించాను. తర్వాత వేగం ఒక్కో మెట్టూ పెంచుతూ, వోల్టేజీ ఒక్కో చుక్కా పెంచుతూ, మెట్టు మెట్టుకీ గంటసేపు దాన్ని పూర్తి పనిలో పెట్టి నిలబడుతుందో లేదో చూసేవాళ్లం. అతను కిటికీకి తడి టవలు కట్టి, తెర మీద ఉష్ణోగ్రత అంకెల్ని క్రికెట్ స్కోరులా చదివేవాడు. "డెబ్బై ఆరు... డెబ్బై ఎనిమిది... ఎనభై! అమ్మో, ఆపేయ్ ఆపేయ్!" నేను ఆపేదాన్ని కాదు. నాకు తెలుసు, అది ఎనభై ఒకటి దగ్గర నిలబడుతుందని. నిలబడేది. మధ్యలో ఎండు చేపలు వేయించి పప్పుతో తినేవాళ్లం. అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడైనా ఉన్నానా అని వెతుక్కుంటే నాకేమీ దొరకదు.

చివరికి వోల్టేజీ ఒకటి పాయింట్ మూడు దగ్గర పెట్టి ఆపాను. ఒకటిన్నర రోజు పని ఒక రోజుకు దిగింది. అతనికి ఆశ పుట్టింది.

"ఇంకొంచెం పెంచొచ్చు కదా?"

"పెంచొద్దు. గీ బోర్డుకు గంతే."

"ఇక్కడ ఆటో అని ఉందేంటి? అది పెడితే ఎంత కావాలో అదే చూసుకోదూ?"

"ఆటో పెడితే అడ్డగోలుగ పెంచుతది. బోర్డు మాడిపోతది. అటు చెయ్యి పెట్టకు."

అతను నవ్వుతూ రెండు చేతులూ పైకెత్తాడు. ఆ తర్వాత ఎవరి ఫోను వచ్చినా, "మా ఆవిడ చేసిందండీ, మామూలుగా కాదు" అని నాకు వినపడేలా చెప్పేవాడు. ఆ మాట వినడానికి నేను వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపేదాన్ని.

వానాకాలం వచ్చింది. బేగంపేటలో ఆఫీసున్న ఒక బిల్డర్ అతన్ని పర్మినెంటుగా తీసుకోవాలనుకున్నారు. నమూనాగా ఒక పెద్ద వీడియో చేసి శుక్రవారం మధ్యాహ్నానికి తెచ్చి చూపించమన్నారు. పన్నెండు రోజులు అతను సరిగా తినలేదు, నిద్రపోలేదు. గురువారం పొద్దున రెండరింగ్ మొదలుపెట్టబోతుంటే వాన. కరెంటు పోయి, రెప్పపాటులో వచ్చి, మళ్లీ పోయి వచ్చింది. మా యూపీఎస్ బ్యాటరీ చచ్చి అప్పటికి చాలా రోజులైంది. కరెంటు కుదుటపడ్డాక అతను కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసి పని మొదలుపెట్టాడు. నేను డ్యూటీకి వెళ్లిపోయాను.

శుక్రవారం పొద్దున పది దాటాక సెంటర్‌కి ఫోను వచ్చింది. "ఆగిపోయింది. డిస్ప్లే రావట్లేదు. తొందరగా రా" అన్నాడు. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒక్క స్టేషనే. ఆ రెండు నిమిషాలూ తలుపు దగ్గరే నిలబడ్డాను.

నేను వెళ్లేసరికి అతను బయట డాబా మీద నిలబడి ఫోనులో బిల్డర్ ఆఫీసు వాళ్లను బతిమాలుతున్నాడు. నేను క్యాబినెట్ తెరిచాను. కాలిన వాసన. నేను అతికించిన దిమ్మ మీద వేలు పెడితే చురుక్కుమంది. స్విచ్ ఆపి, చల్లారనిచ్చి, ఒక ర్యామ్ తీసేసి మళ్లీ పెట్టాను. డిస్ప్లే వచ్చింది. వెంటనే బయోస్‌లోకి వెళ్లాను. బోర్డు సెట్టింగులన్నీ ఉండేది అక్కడే. వేగం నేను పెట్టినదే ఉంది. వోల్టేజీ దగ్గర మాత్రం నేను పెట్టిన అంకె లేదు. ఆ గడిలో "ఆటో" అని ఉంది. పక్కనే బోర్డు నిజంగా ఇస్తున్న వోల్టేజీ కనపడుతోంది. ఒకటి పాయింట్ నాలుగు ఏడు.

మార్చాడు. వద్దన్నా మార్చాడు. తొందరలో, ఇంకాస్త వేగం వస్తుందనుకుని మార్చాడు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. నేను మార్చలేదు.

బయట్నుంచి అతని గొంతు వినిపిస్తోంది. "సార్, రేపటిదాకా సార్... ఒక్కరోజు సార్... ప్లీజ్ సార్." గొంతు జీరబోయింది. ఇప్పుడు వెళ్లి "నీ చేతులారా చేసుకున్నవ్" అంటే ఈ మనిషి మళ్లీ లేవడు అనిపించింది. ఈ సంగతి నాకు తెలిసినట్టు అతనికి తెలియకపోతే మంచిది అనుకున్నాను. బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు ఉంటుంది. దాన్ని ఊడదీసి, పక్కనున్న రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్‌తో కలిపాను. సెట్టింగులన్నీ చెరిగిపోయి కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా అయింది. నా నాలుగు ఆదివారాల పని పోయింది. అతని తప్పు కూడా పోయిందనుకున్నాను.

కంప్యూటర్ నడిచింది కానీ అప్పటిదాకా అయిన వీడియో ఫైలు తెరుచుకోలేదు. బేగంపేట వాళ్లు ఆగలేదు. సోమవారం ఇంకెవరినో తీసుకున్నారు.

రెండు రోజులు అతనేమీ అనలేదు. మూడో రోజు సాయంత్రం వాళ్ల అన్నయ్య ఫోను చేశాడు. నేను బియ్యం కడుగుతున్నాను. అతను మామూలు గొంతుతోనే చెప్తున్నాడు. "మా ఆవిడే ఏవో సెట్టింగులు మార్చింది అన్నయ్యా. చవక బోర్డు కదా, తట్టుకోలేకపోయింది." అందులో తిట్టు లేదు, కోపం కూడా లేదు. కానీ నా చేతిలోంచి గిన్నె సింకులో పడింది. అతను ఫోను పెట్టేసేదాకా ఆగాను.

"నేను మార్చిన్నా? నువ్వు ఆటో పెట్టలే?"

"ఏంటి?"

"వోల్టేజీ ఆటో పెట్టినవ్. వద్దని చెప్పిన గదా."

"నేను ముట్టుకోలేదు."

"నా కండ్లతోని చూసిన."

"ఏదీ, చూపించు."

"ఇప్పుడేం చూపియ్యాలె. రీసెట్ చేసిన."

"ఎందుకు చేశావు?"

"నీకోసమే చేసిన. నువ్వు బాధపడతవని."

అతను నవ్వాడు. అలాంటి నవ్వు అతని మొహంలో నేనెప్పుడూ చూడలేదు. "బాగుంది. సాక్ష్యం నువ్వే తుడిచేశావు. నేరం నాకు అంటగడుతున్నావు. పనితనం పోతుందని భయమా?"

ఆ మాట నేను మర్చిపోలేకపోయాను. నేనన్న మాట అతనూ మర్చిపోలేకపోయాడు. పెద్ద గొడవలేం జరగలేదు. అన్నం వడ్డించడం, తినడం, ఎవరి ఫోను వాళ్లు చూసుకోవడం. ఒక చిన్న వస్తువు కనపడకపోయినా "నేను ముట్టుకోలేదు" అనేవాడు. నేను నా మానాన వెతుక్కునేదాన్ని. కొన్నాళ్లకు అతను మాసబ్ ట్యాంక్‌లో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో ఉద్యోగానికి చేరాడు. నేను వారం రోజులని చెప్పి మధురానగర్‌లో పెళ్లికి ముందున్న హాస్టల్‌కే వెళ్లాను. అతను రమ్మనలేదు. నేను వస్తాననలేదు. వారం మూడేళ్లయింది.

మా అమ్మ జనగామ నుంచి ఫోను చేసి అడిగేది. "కొట్టిండా బిడ్డా?"

"లేదమ్మా."

"తాగుతడా?"

"లేదు."

"మరేమైంది?"

"నాతోని అబద్ధమాడిండు" అన్నాను. అమ్మ "గంతేనా?" అంది. నేను ఫోను పెట్టేశాను.

పోయిన వానాకాలంలో ఫోటో స్టూడియో నడిపే ఒకాయన ఒక కంప్యూటర్ తెచ్చాడు. దానంతట అదే ఆగిపోతోందన్నాడు. ఆల్బములు తొందరగా తయారుకావాలని ఎవరో దాని వేగం పెంచి ఇచ్చారట. తెరిచి చూస్తే అచ్చం మా ఇంట్లో ఉన్న బోర్డే. అదే మోడల్. చాలాసేపు దాని మీద చెయ్యి వేయలేకపోయాను. తర్వాత పని మొదలుపెట్టాను. వేగం ఉన్నదే ఉంచి, వోల్టేజీ ఒకటి పాయింట్ మూడు పెట్టి, సేవ్ చేశాను. కంప్యూటర్ మళ్లీ మొదలవుతుండగా భాయ్ కాలు తగిలి ప్లగ్గు ఊడింది. "అరే" అంటూ ఆయన వెంటనే గుచ్చాడు. నేను మళ్లీ బయోస్‌లోకి వెళ్లాను.

వేగం నేను ఉంచినదే ఉంది. వోల్టేజీ గడిలో "ఆటో" అని ఉంది.

నేను మార్చలేదు. ఎవరూ మార్చలేదు. మళ్లీ అంకె పెట్టి సేవ్ చేశాను. నేనే ప్లగ్గు పీకి, వెంటనే గుచ్చాను. అంకె ఉంది. మళ్లీ పీకాను. ఉంది. నాలుగోసారి పీకి పెట్టాను. ఆటో.

"గిది గీ మోడల్‌ల లోపం చెల్లె" అన్నాడు భాయ్ వెనక నుంచి. "కరెంటు పోయి గట్లనే వస్తే వేగం యాదికుంటది దీనికి, వోల్టేజీ మర్సిపోతది. కొత్త బయోస్ ఎక్కిస్తే సరి. ఏమైంది? గట్ల తెల్లబోయినవేంది? తబియత్ మంచిగలేదా?"

"ఏంలేదు భాయ్" అని వెనకున్న చేతులు కడిగే చోటికి వెళ్లి నల్లా తిప్పుకుని నిలబడ్డాను. ఆ గురువారం వాన గుర్తొచ్చింది. రెప్పపాటులో పోయి వచ్చిన కరెంటు గుర్తొచ్చింది. "నేను ముట్టుకోలేదు" అన్నప్పటి అతని మొహం గుర్తొచ్చింది. అబద్ధమాడే మనిషి మొహం కాదది. నాకు ఆ రోజే తెలియాల్సింది. ఆ తెర మీద అక్షరాల్ని నమ్మాను కానీ, రెండేళ్లు కలిసి తిన్న మనిషిని నమ్మలేదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. అసలు ఆ బోర్డుని దాని మానాన వదిలేసి ఉంటే ఏదీ జరిగేది కాదు. అతను అడిగాడు నిజమే. "మా ఆవిడ చేసింది" అనిపించుకోవాలని నేను చేశాను.

వెంటనే ఫోను చేయాల్సింది. చేయలేకపోయాను. ఏమని మొదలుపెట్టాలో తెలియక నెలన్నర తాత్సారం చేశాను. మెసేజీ రాయడం, చెరపడం. చివరికి ఒక ఆదివారం "ఒకసారి కలవాలి, మాట్లాడాలి" అని పంపాను. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. "నేనూ అదే అనుకుంటున్నాను." ఆ మూడు మాటల్నీ ఎన్నిసార్లు చదివానో. కలవాల్సిన రోజు తలంటుకుని, ఇస్త్రీ చేసిన చీర కట్టుకున్నాను. హాస్టల్లో పక్క గది అమ్మాయి "ఏందక్కా, పెండ్లికి పోతున్నవా?" అంది.

పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో కూర్చున్నాం. అతను చిక్కాడు. కళ్లద్దాలు వచ్చాయి. "ఎలా ఉన్నావు?" అన్నాడు. "మంచిగున్న" అన్నాను. చాయ్ వచ్చింది. నేను ఆగకుండా మొత్తం చెప్పేశాను. స్టూడియో ఆయన బోర్డు, ఊడిన ప్లగ్గు, నాలుగుసార్లు పీకి పెట్టడం, అన్నీ. చాయ్ మీద మీగడ కట్టింది.

"అంటే నేను మార్చలేదు" అన్నాడు మెల్లగా.

"లేదు."

"నిజంగానా?"

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. "నువ్వేగా ముట్టుకోలేదన్నవ్" అన్నాను.

"అన్నాను. కానీ నువ్వు అంత గట్టిగా చెప్పావు. నువ్వు అబద్ధం చెప్పే మనిషివి కాదు. పన్నెండు రోజులు నిద్ర లేదు కదా, ఆ మత్తులో నాకే తెలియకుండా మార్చానేమో అని ఆలోచించాను. ఆలోచించి ఆలోచించి, మార్చాననే అనుకున్నాను. చెయ్యి మౌస్ మీద ఉన్నట్టు, నేనే నొక్కినట్టు గుర్తుకూడా వచ్చేది. తప్పు నాదేనని మా అన్నయ్యకి కూడా చెప్పేశాను."

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని రాను? నిన్ను అన్ని మాటలు అన్నాక."

"వస్తే సాలు. నేనేం అనకపోతుంటి."

అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రీసెట్ చేసే ముందు నన్ను ఒక్కమాట అడగాల్సింది" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

"నువ్వు డాబా మీద ఏడుస్తున్నవ్. ఎట్ల అడగాలె?"

"ఏడవలేదు."

"ఏడ్సినవ్."

ఇద్దరం కాస్త నవ్వాం. ఆ నవ్వుతో నాకు ధైర్యం వచ్చింది. ఇంటికి పోదామా అని అడగబోయాను. అతను జేబురుమాలు కోసం బ్యాగు తెరిచాడు. లోపల ఒక గోధుమరంగు కవరు కనిపించింది. వెంటనే బ్యాగు మూసేశాడు.

"గదేంది?"

"ఏం లేదు. ఇవాళ వద్దులే. ఇంకోసారి చూద్దాం."

"చూపియ్."

బ్యాగు మళ్లీ తెరిచి తీశాడు. ఇద్దరి అంగీకారంతో విడాకులు కోరే దరఖాస్తు. నేను మాట్లాడాలని పంపిన మెసేజీ దీని గురించేననుకున్నాడట.

"మా ఆఫీసులో ఒకావిడ ఉన్నారు" అన్నాడు టేబుల్ వైపు చూస్తూ. "వాళ్లింటికెళ్లి పెళ్లికి మాటిచ్చేశాను."

"ఎప్పుడు?"

"పదిహేను రోజులైంది."

నెలన్నరలోంచి పదిహేను రోజులు తీసి చూసుకున్నాను. ఆ లెక్క అతనికి చెప్పలేదు. బోర్డు సంగతి ఎప్పుడు తెలిసిందని అతను అడగలేదు కూడా. అడిగి ఉంటే అబద్ధం చెప్పేదాన్ని.

"పెన్ను ఇయ్" అన్నాను.

"ముందు చదువు. అన్నీ చూసుకో."

"అవసరం లేదు. నీ మాట నమ్ముతున్న."

అతను తలెత్తి నా వైపు చూశాడు. జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. చూపించిన ప్రతి చోటా సంతకం పెట్టాను. కాగితానికి చాయ్ కప్పు తడి అంటుకుంటుందని కప్పు పక్కకు జరిపాడు. ఎప్పుడూ అంతే, అతనికి కాగితాలంటే జాగ్రత్త ఎక్కువ.

కోర్టు ఆర్నెల్లు పట్టింది. ఆ ఆర్నెల్లూ నాకు కష్టంగా గడిచాయి. మూడేళ్లపాటు అతని మీద కోపం ఉండేది కాబట్టి పొద్దున లేవడం, తయారై సెంటర్‌కి పోవడం తేలికగా ఉండేది. ఇప్పుడు కోపం లేదు. స్క్రూలు తిప్పుతూ తిప్పుతూ ఎందుకు తిప్పుతున్నానో మర్చిపోయేదాన్ని. భాయ్ ఏమీ అడగకుండా నా చేతిలోని పని తీసుకుని తను చేసేవాడు.

చివరి వాయిదా రోజు జడ్జి మేడమ్ కలిసి ఉండే అవకాశం ఏమైనా ఉందా అని అడిగారు. అది అందరినీ అడిగే ప్రశ్నేనట. ముందు అతను లేదన్నాడు. తర్వాత నేను లేదన్నాను. బయటికి వచ్చాక మెట్ల దగ్గర అతను ఆగాడు. ఏదో చెప్పాలని ఉన్నట్టుంది. లాయరు పిలుస్తున్నాడు. "తిన్నావా?" అన్నాడు.

"తిన్న" అన్నాను. తినలేదు. అతను తలూపి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.